ఎడమవైపు స్థానం

మా బావగారు పోయిన తరువాత మా చెల్లెలు బుర్రకథ చెప్పడం అదే మొదటిసారి. నూజివీడు బడి ఆవరణలో మామిడిపళ్ళ కాలంలో జరిపే ప్రాంతీయ ఉత్సవమది. టిక్కెట్టు లేదు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. ఒక పక్క పాత కోట ఫొటోలు, ఇంకొక పక్క రెడ్డిగూడెం తోటలవారు పళ్ళెములలో పేర్చిన రసాలు, నడుమ షామియానా కింద వేదిక. కావ్యపాఠాలు చెప్పి వృద్ధుడనైనందుకు నాకు ముందు వరుసలో కుర్చీ వేసి, శాలువ కప్పారు.

బుర్రకథకు ముగ్గురు కావాలి. నడుమ తంబుర పట్టి కథ చెప్పేది మా చెల్లెలు. కుడివైపు డక్కీ వాయిస్తూ వంత పాడేది మేనకోడలు. ఎడమవైపు తన డక్కీతో నిలిచి హాస్యమాడే స్థానం బావగారిది. అక్కడ మరొకరిని పెట్టుకొమ్మని నేను చెప్పి చూశాను. మైలవరంలో మంచి మాటకారి ఉన్నాడనీ అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన కట్టిన ఈ ఒక్క కథనూ చివరిదాకా చెప్పగలిగితే చాలునట, తరువాత తంబుర అటకెక్కించేస్తుందట.

మెట్టనేలలో తొలి మామిడి మొక్కలు నాటిననాటి కథ అది. మొక్కలకు నీళ్ళ కోసం బావి తవ్వుతుండగా మన్ను విరిగిపడి, ఒక తల్లి కొడుకును పోగొట్టుకుంటుంది. గట్టున కూలబడి శోకిస్తుంది. వినేవారి కళ్ళు తడిసిన ఆ క్షణాన బావగారు డక్కీ మీద ఒక్క దెబ్బ వేసి అందుకొనేవారు.

"ఏడుపుతో బావి నిండుద్దంటే చెప్పు తల్లీ, మా ఊరి కోడళ్ళందర్నీ పిలుచుకొస్తా. ఏడాదికి మూడు కాపులు కాస్తాయి మామిళ్ళు."

ఏడుస్తున్నవారు ఏడుస్తూనే నవ్వేవారు. ఆ నవ్వును ఆసరా చేసుకొని కథలోని తల్లి లేచేది. ఊరిన తొలి నీటిని తోడి మొక్కలకు పోసేది. కథ అక్కడితో ముగుస్తుంది.

ఆ సాయంత్రం మా చెల్లెలి గొంతు ఎక్కడా తొణకలేదు. తల్లి శోకం దాకా వచ్చింది. వచ్చి, ఆగింది. తంబుర ఆగింది, తాళం వేసే బొటనవేలి అందె ఆగింది. ఆమె ఎడమవైపు కొద్దిగా తిరిగి, ఎవరూ లేని ఆ చోటు వైపు తల వంచి నిలబడింది. మేనకోడలి చేయి డక్కీ మీద లేచినది లేచినట్టే ఉండిపోయింది.  నేను బావగారి మాటలను లోలోపల అనుకుంటూ ఉన్నాను.

వెనుక ఎవరో, "మర్చిపోయింది పాపం, పెద్దావిడ" అన్నారు. మైకు పట్టుకున్న అమ్మాయికి జాలి కలిగినట్టున్నది, చప్పట్లు మొదలుపెట్టింది. జనమంతా అందుకున్నారు. ముసలి ప్రాణాన్ని ఇబ్బంది నుంచి తప్పించాలన్నదే వారందరి తాపత్రయం. మన పాత కళను గుర్తుచేసిన అమ్మగారికి థాంక్యూ అండీ, నెక్స్ట్ కోలాటం అని ఆ అమ్మాయి ప్రకటించింది. మా చెల్లెలు చేతులు జోడించి మెట్లు దిగింది.

వేదిక వెనుక బోర్లించిన పళ్ళ ట్రే మీద కూర్చొని అందె తీసుకుంటూ ఉన్నది. దగ్గరకు వెళ్ళి, మరిచిపోయావనుకున్నారమ్మా అన్నాను.

"మర్చిపోవడమేంటన్నయ్యా? ఆయన మాట పూర్తయ్యేంతసేపు ఆగాను. ఇంకాస్త ఉంటే అందుకునేదాన్నే."

మళ్ళీ ఎక్కనిమ్మని వారిని అడుగుతానని మేనకోడలు లేచింది. మా చెల్లెలు వద్దన్నది; కోలాటం పిల్లలు మధ్యాహ్నం నుంచీ ముస్తాబై కూర్చున్నారట, ఎండకు వాళ్ళ మొహాల రంగు కారిపోతోందట. తంబురకు తానే గుడ్డ చుట్టింది. నాకు కప్పిన శాలువ తీసి చేతిలో పట్టుకున్నాను. దానిని ఆమెకు కప్పాలన్నా, మడిచి సంచిలో పెట్టాలన్నా నాకు చేతులు రాలేదు.

ఆటో ముసునూరు దారిలో తోటల మధ్యగా పోతున్నంతసేపూ బయటికే చూస్తూ కూర్చున్నది. ఇల్లు దగ్గరపడుతుండగా, నా వైపు తిరగకుండానే అన్నది:

"ఆవిణ్ణి అక్కడే వదిలేసొచ్చాం అన్నయ్యా, బావి గట్టున."

తంబుర మరునాడే అటకెక్కింది.