పెద్దాపురంలో రంగునీళ్లకు ఎండ

ఉదయం ఆరున్నరకు రాజమండ్రి బస్టాండులో వేడివేడి పెసరట్టు తిని, పెద్దాపురం మీదుగా వెళ్లే కాకినాడ బస్సెక్కాను. కాళ్ల దగ్గర సంచీ నిండా తెల్ల టైల్స్. కండక్టర్ నా ఆధార్ చూసి ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు కొడుతూ, "ఇల్లు కడుతున్నారా మేడం?" అన్నాడు.

"కాదండీ, రంగునీళ్లు బాగుచేయడానికి."

పక్క సీటులో ఖాళీ చేపలబుట్టతో కూర్చున్న ఆవిడ "అదెలాగండీ?" అంది. నేను కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెబుతాను, అడిగితే ఆగుతానా! టైల్స్ మీద జింక్ ఆక్సైడ్ నానో కణాల పూత ఉందనీ, ఎండ తగిలితే అవి నీళ్లలోని రంగును విరగ్గొడతాయనీ రంగంపేట దాకా వాయించేశాను.

"పని ఎండది, పేరు మీదా!" అందావిడ నవ్వుతూ.

పెద్దాపురంలో నన్ను రమ్మన్న సత్తిబాబు గారు తన షెడ్డులో పట్టునూలుకు రంగులేస్తారు. జాడించిన నీళ్లు వీధి కాలవలో ఎర్రగా పారుతున్నాయని పక్కింటి అమ్మాజీ గారికి ఒళ్లు మంట. "ఇవాళ కూడా ఎరుపు కనిపిస్తే మున్సిపాలిటీకి వెళ్తానండి," అన్నారు నా ముందే.

"షెడ్డు మూయిస్తే నాకింకో పని రాదండి," అన్నారు సత్తిబాబు గారు మెల్లగా. నాకూ భయమేసింది. అప్పటిదాకా నా టైల్స్ గెలిచింది ల్యాబులోని గాజు బీకర్లలోనే.

వెడల్పాటి తొట్టి అడుగున టైల్స్ పరిచి, పైన ఎర్రనీళ్లు పోయించాను. ఊరి దేవత మరిడమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని, మెస్సులో ముద్దపప్పు, ఆవకాయతో భోజనం కానిచ్చి పన్నెండున్నరకు తిరిగొచ్చాను. చూస్తే తొట్టి మీద నీలం టార్పాలిన్ పట్టా!

"ఇదేంటండీ?"

"ఎండ మండిపోతోందని కప్పానండి. రంగు వెలిసిపోదూ మరి!"

రంగేసిన నూలును నీడలోనే ఆరబెట్టే సత్తిబాబు గారి చెయ్యి కదా, ఊరుకోలేదు.

"వెలిసిపోవాలనే కదండీ ఈ గోలంతా!" అని అరిచేశాను. అమ్మాజీ గారు కూడా పకపకా నవ్వారు. సత్తిబాబు గారు నాలుక్కరుచుకుని పట్టాను లాగి అవతల పారేశారు. కర్రతో నీళ్లు కలుపుతూ తొట్టి దగ్గరే నిలబడ్డారు. చెమటలు కారుతున్నా కదల్లేదు.

నాలుగింటికి అమ్మాజీ గారు తొట్టిలోకి వంగారు. "అడుగున టైల్స్ కనిపిస్తున్నాయండోయ్!" ఎరుపు పోయి, గులాబీ జీర కూడా పోతోంది. తాగే నీళ్లు కావని మరీ మరీ చెప్పాను. "సరేలెండి, మున్సిపాలిటీ సంగతి తర్వాత చూద్దాం," అన్నారావిడ. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కనే సీటు. టైల్స్ అక్కడే వదిలేశాను కాబట్టి చేతులు తేలిక, మనసూ తేలిక. ఇది చూడ్డానికి పెద్దాపురం వెళ్లాలనుకునేవారు మంచి ఎండ రోజు చూసుకోండి. రాజానగరం దగ్గర చినుకులు మొదలయ్యాయి. అంతలో ఫోను మోగింది. ఇన్నేళ్లూ రంగును ఎండ నుంచి దాచిన సత్తిబాబు గారు.

"మేడం, ఇక్కడ మబ్బు పడుతోందండి. రేపు ఎండ కాస్తుందంటారా?"