దప్పిక లేని గాలి

మా పెద్దమ్మ పోయిందని మొన్న మే నెలలో మద్రాసులో మా ఎదురింటివాళ్ళ ఫోనుకు కబురు వచ్చింది. నేను వెంటనే నమ్మలేదు. ఇంకే కాలంలోనైనా నమ్మేదాన్నేమో గానీ, ఎండాకాలంలో పోయే మనిషి కాదు ఆమె.

తిరుపతి కొండరాళ్ళు కాగి సాయంత్రం దాకా వేడి కక్కే రోజుల్లో కూడా ఆమె ఇల్లు చల్లగా ఉండేది. పొద్దెక్కగానే పాత నూలు చీరలు తడిపి కిటికీలకు కట్టేది. ఆరితే మళ్ళీ తడిపేది. వీధిలో ఆడవాళ్ళంతా కూరగాయలు తరుక్కోవడానికి అక్కడికే చేరేవాళ్ళు. ఎవరైనా మెచ్చుకుంటే, ఎండను తనే పెంచి పెద్దచేసినట్టు మాట్లాడేది: "దానికేం తెలుసు పాపం, మనం సెప్పినట్టు ఇంటాది."

నాకు పాప పుట్టిన ఏడాది మద్రాసులో ఒంటిగది ఇంట్లో ఉన్నాం. ఒళ్ళంతా చెమటకాయలు లేచి పసిబిడ్డ నిద్రపోదు, పాలు తాగదు. నాకు భయం పట్టుకుంది. సంగతి తెలిసి పెద్దమ్మ చీరల మూటతో దిగింది.

"ఈ ఎండెంత, దీని బతుకెంత" అంటూ ఉన్న రెండు కిటికీలకూ తడిచీరలు కట్టింది. కాసేపటికి గోడలకు చెమట పట్టింది. అగ్గిపుల్ల వెలగలేదు. మా ఆయన చొక్కా పిండుకుంటూ, "ఈ ఇడ్లీ పాత్ర మూత కొంచెం తీద్దామా అత్తా?" అన్నాడు. ఆమెకు రోషం వచ్చి వాకిలికి ఇంకో చీర కట్టింది. పాప ఏడుపు పెరిగింది.

సాయంత్రానికి కూడా ఒక్క చీరా ఆరలేదు. వాటిని పట్టి చూసి పెద్దమ్మ కూలబడింది.

"మన గాలికి దప్పిక ఎక్కువమ్మే. తడిగుడ్డ కనబడితే తాగేసి సల్లబడతాది. ఈడి గాలి ముందే కడుపు నిండా తాగి కూర్సోనుండాది. దీనికి నేనేం పోసేది? బిడ్డనెత్తుకో, మనూరికి పోదాం."

మర్నాడు తిరుపతి బస్సెక్కాం. పెద్దమ్మ కూజాలో నీళ్ళతో కొంగు తడిపి కిటికీ బయటికి పట్టింది. చాలాసేపు అది ఆరనే లేదు. వెనకసీటాయన, "ఏమ్మా, మొగాన నీళ్ళు పడతాండాయి!" అని గొడవకొచ్చాడు.

"ఊరికే వస్తాండాయి గదా, కడుక్కోప్పా" అంది.

నగరి దాటాక వడగాలి ఈడ్చి కొట్టింది. కొంగు అప్పడంలా ఆరిపోయింది. పెద్దమ్మ బస్సులో లేచి నిలబడి, "దప్పికయింది! గాలికి దప్పికయింది!" అని కేకపెట్టింది. కండక్టరు కంగారుగా తన నీళ్ళ సీసా ఇస్తే, అదీ కొంగు మీదే పోసి, బిడ్డకు గాలి తగిలేలా పట్టుకుంది. ఎన్నాళ్ళకో నా బిడ్డ కళ్ళు మూసుకుంది. అంత వడగాలికి దండం పెట్టుకున్నది ఆ బస్సులో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఈసారీ ఆ దారినే వెళ్ళాను. పెద్దమ్మను నట్టింట్లో పడుకోబెట్టారు. కిటికీలు బోసిగా ఉన్నాయి. నాకు ప్రాణం ఒప్పలేదు. దండెం మీద ఆమె చీరలు తీసి, తడిపి కట్టాను.

"ఇప్పుడెందుకమ్మే?" అన్నారెవరో.

"ఆమె ఇంట్లో ఎప్పుడన్నా ఉక్క పోసిందా?" అన్నాను.

చల్లగాలి లోపలికి వచ్చింది. చూస్తూ ఉండగానే చీరలు ఆరిపోయాయి. లేచి మళ్ళీ తడిపాను. అంత దప్పిక గాలిలోనూ, కళ్ళు తుడుచుకున్న నా కొంగు మాత్రం సాయంత్రం దాకా ఆరలేదు.