సూర్ రోడ్డు మీద ఎర్ర చుక్క

దయ్యాలంటే నవ్వేసే మనిషిని నేను. లెక్కలు చదువుకున్నవాణ్ణి. మస్కట్‌లో, ఖురం దగ్గర ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో డేటా పని చేస్తున్నాను.

మా కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ కొంది. వానలు, వరదలు, ప్రమాదాల వివరాలన్నీ కలిపి, ఎక్కడ రిస్క్ ఎక్కువో మ్యాప్ మీద ఎర్రగా చూపిస్తుంది. వివరాలు ఎక్కించేది నేను. నష్టం జరిగిన చోటికి వెళ్ళి చూసి వచ్చేది కరీంనగర్ అమ్మాయి సునీత. మా మేనేజర్ ప్రసాద్ గారిది విజయవాడ. ఆ మ్యాప్ చూపించి డైరెక్టర్ల మెప్పు పొందేవారు గానీ, నిర్ణయాలన్నీ తన ఇష్టప్రకారమే.

ఒక వానరోజు, దూరాన సూర్ అనే ఊళ్ళో మునిగిన గోడౌన్ చూసి రమ్మని సునీతకు చెప్పారు.

“సార్, ఆ రోడ్డంత ఎర్రగ చూపిస్తుంది. వాదీ పొంగుతది. రేపు పోతా సార్.”

“ఆ మ్యాపు డైరెక్టర్ల కోసమమ్మా, మనకి కాదు. బయల్దేరు.”

ఆ వాదీ, అక్కడి వాగు, ఆమెను కారుతో సహా లాక్కుపోయింది. వద్దన్నా వినకుండా వెళ్ళిందని ప్రసాద్ గారు పైవాళ్ళకు చెప్పారు. ఆ మాటలు విన్న నేను, అది అబద్ధమని చెప్పాను. రుజువేదీ అన్నారు వాళ్ళు.

తర్వాతి మీటింగులో ఆయన మ్యాప్ తెరిస్తే, సూర్ రోడ్డు మీద, సరిగ్గా ఆమె కారు దొరికిన చోట, ఒక ఎర్ర చుక్క. నేను ఎక్కించింది కాదు. నేనొక్కణ్ణే ఉండి తెరిస్తే కనిపించేది కాదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు వచ్చి వెతికారు, తప్పేమీ దొరకలేదు. ప్రసాద్ గారు లాప్‌టాప్ మార్చారు. నా చేత తెరిపించారు. ఆయన గదిలోకి అడుగుపెడితే చాలు, చుక్క వచ్చేది. మీటింగు మీటింగుకీ మస్కట్ వైపు జరిగేది.

ఒకరోజు పట్టపగలు, డైరెక్టర్లందరి ముందు, అది మా ఆఫీసు మీదికొచ్చి ఆగింది. ప్రసాద్ గారు కుర్చీలోంచి లేచారు.

“నేనే పంపాను. ఆ అమ్మాయి వద్దంటున్నా నేనే పంపాను,” అన్నారు తెలుగులో, డైరెక్టర్లెవరికీ అర్థం కాదన్నది కూడా మరిచిపోయి. ఇంగ్లీషులో చెప్పమని ఛైర్మన్ అడిగారు. చెప్పారు.

ఆయన ఉద్యోగం పోయింది. సునీత డ్యూటీలోనే చనిపోయిందని కంపెనీ ఒప్పుకుంది. ఇక ఆగిపోతుందనుకున్నాను.

మొన్న దుబాయ్ నుంచి ఆయన ఫోన్ చేశారు. వేరే కంపెనీ, వేరే సాఫ్ట్‌వేర్. “ఇక్కడా వచ్చింది రవీ. ఈసారి మా ఇంటి మీద ఉంది. ఒప్పుకున్నానుగా, ఇంకేం కావాలంట ఆ అమ్మాయికి?” అని ఏడ్చారు.

ఆయన భ్రమ అనుకుందామంటే, ఆ గదిలో అందరం చూశాం. సునీతే అనుకోవడానికి మనసు ఒప్పుకోదు. ఒకటి మాత్రం చెప్పగలను. ఫోన్ పెట్టేశాక ఆయన మీద నాకు జాలి కలగలేదు.