సూరత్‌లో నేర్చుకున్న అట్టల పాఠం

సిరిసిల్ల బస్టాండులో మధ్యాహ్నం ఒంటిగంటకు కరీంనగర్ బస్సెక్కాను. అక్కడ దిగి వరంగల్ బస్సు పట్టుకుని స్టేషన్ చేరేసరికి అయిదున్నర. చెన్నై నుంచి అహ్మదాబాద్ వెళ్లే రైలు ఎనిమిదింటికి వస్తుంది. మా ఊళ్లో ప్రతి వాడకట్టు నుంచీ ఎవరో ఒకరు ఈ దారిన సూరత్ వెళ్లినవాళ్లే. యాభై రెండేళ్లు వచ్చినా నేను మాత్రం ఇదే మొదటిసారి వెళ్లడం.

ఎందుకు వెళ్తున్నానో ముందే చెప్పేస్తాను. మా అన్న కూతురు లావణ్య సూరత్‌లోనే పుట్టి పెరిగింది. ఆమె భర్త నరేశ్ మా అక్క కొడుకు. మేనరికం. ఆ పెళ్లి మాట ముందు ఎత్తింది నేనే. జూనియర్ కాలేజీలో ఇరవై ఆరేళ్లుగా జంతుశాస్త్రం చెబుతున్నాను. దగ్గరి సంబంధాల్లో దాగిన జబ్బులు ఎలా బయటపడతాయో ఏటా బోర్డు మీద గీతలు గీసి మరీ చెబుతాను. పెళ్లి మాట ఎత్తిన రోజు ఆ బోర్డు గుర్తుకే రాలేదు. వాళ్ల కూతురు చిన్నికి అయిదేళ్లు. తలసీమియా. ఒంట్లో రక్తం సరిగా తయారుకాదు, మూడు వారాలకోసారి ఎక్కించాలి. ఇప్పుడు లావణ్యకు మళ్లీ మూడో నెల.

"అత్తా, కడుపుల బిడ్డ డీఎన్ఏ చూడాల్నంటుండు డాక్టర్. పది రోజులల్ల అయిపోవాలట. సూది అనంగనే మామ లేచి బయటికి పోతుండు. నువ్వొచ్చి జర సంఝాయించు," అంది ఫోన్లో. మామ అంటే నరేశ్ తండ్రి, మా బావ. వేసవి సెలవులే కాబట్టి సాకు చెప్పే వీలు కూడా లేకపోయింది.

రైలు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. స్లీపర్లో కింది బెర్తు. ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని పడుకున్నాను. పచ్చిపులుసు ప్రయాణానికి పనికిరాదు, మూత ఎంత బిగించినా సగం సంచిలోకే పోతుంది. నా తర్వాత వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి.

పొద్దున ఏడు గంటలకు భుసావల్‌లో టీ దొరికింది. ఎదుటి బెర్తులో పోశెట్టి అనే ఆయన చొక్కా ఎత్తి పొట్టకు సూది పొడుచుకుంటున్నాడు. మంచిర్యాల వైపు మనిషి, ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీలో పని. నేను టీచరునని తెలియగానే అడిగాడు.

"మేడం, గీ ఇన్సులిన్ పందిల నుంచి తీస్తరంటరు, నిజమేనా?"

ఒకప్పుడు అలాగే తీసేవారని చెప్పాను. ఇప్పుడు ఆ పని సూక్ష్మజీవులు చేస్తున్నాయి. ఇన్సులిన్ ఎలా తయారుచేయాలో మన కణాల్లో రాసి ఉంటుంది. ఆ రాత పేరే జన్యువు. దానికి నకలు తీసి కంటికి కనిపించని బ్యాక్టీరియాలోకి ఎక్కిస్తారు. అది తనకు అక్కరలేకపోయినా మన ఇన్సులిన్ తయారుచేసి పెడుతుంది. పెద్ద పెద్ద ట్యాంకుల్లో పెంచి, మందును వేరుచేస్తారు. జన్యు ఇంజనీరింగ్ అని పెద్ద పేరే కానీ మొదటి అడుగు ఇంతే.

పోశెట్టి సూదిని పైకెత్తి చూశాడు. "అంటే పురుగుకు మన పని నేర్పిన్రు. మా సేఠ్ మాకు నేర్పినట్టు. జీతం గుడ లేదు దానికి, పాపం."

సూరత్‌లో దిగేసరికి మధ్యాహ్నం రెండు. ఆటో అతను పాండేసరకు మూడు వందలన్నాడు, నూట ఎనభైకి ఒప్పుకున్నాడు. షేర్ ఆటోలో అయితే ముప్పైకే పోతారని లావణ్య తర్వాత నవ్వింది. అద్దకం మిల్లులు మొదలవగానే ముక్కుకు ఘాటు తగిలింది. రోడ్డు పక్క కాలువలో నీళ్లు ఊదారంగులో పారుతున్నాయి. సైకిళ్ల మీద షిఫ్టుకు వెళ్లేవాళ్ల మాటల్లో ఒడియా, హిందీ మధ్య మన తెలుగు కూడా వినబడింది.

వాళ్లవి మొదటి అంతస్తులో రెండు గదులు. చిన్ని తలుపు దగ్గరే నిలబడి, "చిన్న బాపమ్మా, కెమ్ ఛో?" అంది. నేను దాని నాయనమ్మ చెల్లెల్ని; బాగున్నావా అని గుజరాతీలో అడగడం. ముఖం కాస్త పాలిపోయి ఉంది, చేతి మీద సూది గుర్తులు. మాటలకు మాత్రం తక్కువ లేదు.

మా బావ నర్సయ్య ఆరింటికి వచ్చాడు. మా అక్క పోయి నాలుగేళ్లయింది, అప్పటి నుంచి ఆయన మాట తగ్గింది. నన్ను చూడగానే విషయం అర్థమైపోయింది.

"ఓహో, సర్కారు వకీలును పిలిపిచ్చిన్రా?" అన్నాడు.

నరేశ్ రాత్రి షిఫ్టుకు వెళ్లాడు. అన్నాల దగ్గర పరీక్ష మాట మొదలుపెట్టాను. బావ తల ఎత్తకుండానే అన్నాడు: "నలుగురిల ఒకరికి అస్తదని మొన్న ఫోన్ల నువ్వే అంటివి. ఒకరికి అచ్చె. ఇగ ముగ్గురు మంచిగనే పుడ్తరు గదా."

"అట్ల గాదు బావా. ప్రతి కాన్పుకు లెక్క మళ్ల మొదటి నుంచే."

"మరి సూదితోని కడుపుల దానికి ఏమన్నయితే?"

"జర భయమైతే ఉంటది. డాక్టర్ గుడ దాస్తలేడు, నేను గుడ దాయ."

ఆయన చేయి కడుక్కుని వచ్చి, నిద్రపోతున్న చిన్ని వైపు చూశాడు. "ఒక్కటడుగుత చెప్పు. గీ పరీక్ష గీమె కడుపుల ఉన్నప్పుడే చేపిచ్చి ఉంటే, ఇయ్యాల గీమె ఉండునా?"

లావణ్య చేతిలో గిన్నె ఆగిపోయింది. ఇరవై ఆరేళ్లలో ఏ విద్యార్థీ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. నా దగ్గర జవాబు లేదనే చెప్పాను.

తెల్లారి తొమ్మిదింటికి బావ వెంట ఆయన పనిచోటికి వెళ్లాను. దారిలో ఖమన్ తిన్నాం, ఆవిరి మీద ఉడికించిన శనగపిండి ముక్కలు, మీద పచ్చిమిర్చి. ప్లేటు ముప్పై రూపాయలు, తప్పకుండా తినండి. షెడ్డులో మరమగ్గాల మోతకు పక్కవాళ్ల మాట వినబడదు. వెనక గదిలో బావ జకార్డు అట్టలకు రంధ్రాలు కొడతాడు. చాలాచోట్ల కంప్యూటర్లు వచ్చినా, ఈ షెడ్డులో పాత మగ్గాలింకా అట్టలతోనే నడుస్తున్నాయి.

చీర మీద పువ్వు ఎలా పడాలో ఆ అట్టల్లోనే ఉంటుంది. అట్టలో రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. వందల అట్టలు దండలా కుట్టి మగ్గం పైన వేలాడదీస్తారు. ఒక్కొక్కటి తిరుగుతుంటే కింద నెమలి తయారవుతుంది. బావ ఒక పాత చీర ముక్క తీసి చూపించాడు. నెమలికి కన్ను లేదు. పక్క నెమలికీ లేదు. వరసగా అన్నీ గుడ్డివే.

"ఒక్కటే రంధ్రం తప్పింది. పోగు మంచిదే, రంగు మంచిదే, మగ్గం మంచిదే," అన్నాడు.

చిన్ని ఒంట్లో ఉన్నది కూడా అలాంటి తప్పే. డీఎన్ఏ అంటే నాలుగే నాలుగు అక్షరాలతో రాసిన పొడవాటి దారం. రక్తానికి ఎరుపునిచ్చే హీమోగ్లోబిన్ ఎలా అల్లాలో అందులో ఒకచోట రాసి ఉంటుంది. అక్కడ ఒక్క అక్షరం తారుమారైనా చాలు. బావ చెవి దగ్గర అరిచినట్టుగా చెప్పాను. మనిషికి ఈ అట్టలు రెండు జతలుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒక జత మంచిదైతే బతుకు మామూలుగానే సాగిపోతుంది. రెండూ తప్పువే వస్తే చిన్నిలా అవుతుంది. నరేశ్‌కు, లావణ్యకు చెరో తప్పు జత ఒకే ఇంటి నుంచి వచ్చింది, మా పుట్టింటి నుంచి.

బావ కొత్తగా కొట్టిన అట్టను పాతదాని మీద పెట్టి, వెలుతురుకు ఎత్తి రంధ్రాలు సరిచూస్తున్నాడు. రోజుకు వందసార్లు చేసే పనే. నా నోట్లోంచి ప్రశ్న దానంతటదే వచ్చింది.

"చూడకుంట మగ్గం మీద ఎక్కిస్తవా బావా?"

"నెత్తి ఖరాబైనోడు ఎక్కిస్తడు," అన్నాడు వెంటనే. అని, అట్ట పట్టుకున్న చేయి అలాగే ఉంచి ఆగిపోయాడు.

అట్ట కింద పెట్టి మళ్లీ అడిగాడు. "తప్పు రంధ్రం పడ్తె నేను కాగితం ముక్క అంటిస్త. గట్ల మనిషికి లేదా?"

ఉందని చెప్పాను, ఇప్పుడిప్పుడే. కడుపులో బిడ్డకు వేరే రకం హీమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టాక ఆ అట్టలను ఒళ్లు కట్టగట్టి మూల పడేస్తుంది. రోగి ఎముక మూలుగలోని కణాలు బయటికి తీసి, జన్యువును కత్తిరించే మందుతో ఆ పాత కట్ట ముడి విప్పి, తిరిగి లోపలికి ఎక్కిస్తున్నారు. బయటి దేశాల్లో మొదలైంది, ఖరీదు మన ఊహకు అందదు.

"పాత అట్టలు పారేయద్దని నేను ఎప్పటి సంది చెప్తున్న," అన్నాడు బావ. నాలుగేళ్ల తర్వాత ఆయన నవ్వడం చూశాను.

ఇంటికొచ్చి కోడలితో ఒక్క మాటే అన్నాడు. "చూపిద్దాం బిడ్డా. తెలిసినంక ఏం జేయాల్నో నువ్వే చెప్పు, నేను అడ్డం రాను."

"నాక్కూడా తెల్వదు మామా. తెలిసినంకనే ఆలోచన జేస్త," అంది లావణ్య.

పెద్ద దవాఖానలో స్కానింగ్ తెర మీద చూసుకుంటూ, బిడ్డకు తిండి అందించే మాయలోంచి సూదితో ఆవగింజంత ముక్క తీశారు. పావుగంట పట్టింది. బయట బెంచీ మీద బావ గోడ గడియారం తప్ప ఇంకేమీ చూడలేదు. అంత చిన్న ముక్కలో ఏం కనబడుతుందని ల్యాబు అమ్మాయిని అడిగాడు. మిషన్లో పెట్టి అదే డీఎన్ఏకు లక్షల నకళ్లు తీస్తామని, అప్పుడు అక్షరం అక్షరం చదువుతామని ఆమె హిందీలో ఓపిగ్గా చెప్పింది. ఫలితానికి పది రోజులు. పనిలో పనిగా నా రక్తం కూడా ఇచ్చాను. మూడో రోజు రిపోర్టు వచ్చింది. రక్తం తక్కువని ఇరవై ఏళ్లుగా ఐరన్ మాత్రలు మింగుతున్న నేను కూడా ఒక తప్పు జత మోస్తున్నాను. జంతుశాస్త్రం లెక్చరరుకు ఆ సంగతి సూరత్‌లో తెలిసింది.

పది రోజులూ అయ్యాయి, ఫలితం రాలేదు. కాలేజీ తెరిచే రోజు దగ్గరపడింది. పన్నెండో రోజు పొద్దున తొమ్మిదింటికి ఉధ్నా స్టేషన్‌లో, వారానికోసారి నడిచే రైలు ఎక్కాను. లావణ్య టిఫిన్ డబ్బాలో థేప్లాలు పెట్టింది. మెంతికూర రొట్టెలే, పచ్చిపులుసులా కారవు.

ఊరెలా ఉందని అడిగేవాళ్లకు ఏం చెప్పాలా అని కిటికీ దగ్గర ఆలోచించాను. గుడులూ కోటలూ చూడలేదు. ఊదారంగు కాలువ, మగ్గాల మోత, అట్టను వెలుతురుకు ఎత్తి చూసే ఒక మనిషి. ఈసారి క్లాసులో బోర్డు మీద గీతలకు ముందు అట్ట పట్టుకెళ్లాలి. అన్నిటికంటే ముందు, ఆ పెళ్లి మాట ఎత్తింది నేనేనని పిల్లలకు చెప్పాలి.

నందుర్‌బార్ ఇంకా రాలేదు, ఫోన్ మోగింది. బావ.

"వనజా, ఒక జత మంచిగుందట. నీ లెక్కనే, మోస్తదట, గంతే. ఆడపిల్లనో మొగపిల్లగాడో చెప్పుమంటె గది మాత్రం చెప్పరట. కానూనట."

ఏడుపొచ్చింది. పక్కవాళ్లు చూస్తున్నా తుడుచుకోలేదు.

"ఏందే, సప్పుడు లేదు?"

"బావా, నువ్వు గారోజు అడిగినదానికి జవాబు ఇప్పటికీ దొరకలే."

అవతల మగ్గాల మోత.

"దొరకకపోతె దొరకకపాయె," అన్నాడు. "రేపు చిన్నికి రక్తం ఎక్కిచ్చే రోజు. నేనే తీస్కపోతున్న."