ఇరవై ప్లేట్ల ప్రేమమ్మ

నస్పూర్ బస్టాపు దగ్గర ప్రేమమ్మక్క బండి మీద, పొద్దున షిఫ్టు దిగిన గని కార్మికులు ఎగబడతారు. బియ్యప్పిండితో ఆమె కాల్చే సర్వపిండి అలాంటిది. పదిహేనేళ్లుగా బండి పక్కనే ఒక గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని చూస్తున్నదాన్ని, రోజుకు మూడొందల ప్లేట్లకు తక్కువ పోవని ఒట్టేసి చెప్పగలను.

ఈమధ్య రోడ్డు వెడల్పు చేస్తున్నారు. నెలాఖరుకల్లా బండ్లన్నీ తీసేయాలన్నారు. అక్క మంచిర్యాలలో ఒక ప్రైవేటు కాలేజీ క్యాంటీన్‌కు దరఖాస్తు పెట్టింది. అది దొరికితే సరే, లేకుంటే మళ్లీ పత్తి ఏరే కూలికి పోవాలి. యాభై రెండేళ్ల వయసులో!

అంతలో దిగాడు ఒక మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. వరసగా మూడు రోజులు వచ్చాడు. తినడం తక్కువ, చూడడం ఎక్కువ. గిన్నెల్లోకి తొంగి చూస్తాడు, వచ్చేపోయేవాళ్లను లెక్కపెడతాడు. మూడో రోజు అతను వెళ్లగానే అక్క దగ్గరికి పరుగెత్తాను.

"అక్కా, గీడు ట్యాక్సోడే. పక్క రాష్ట్రంల ఫోన్లకు వచ్చిన పైసలు చూసి చిన్న చిన్న దుకాణాలోళ్లకు సుత నోటీసులు పంపిండ్రట."

అక్క మొహం పాలిపోయింది. "అయ్యో దేవా! మొన్న చర్చిల కోత పండుగ కానుకలు సుత నా ఫోన్లకే వేయించుకున్న గదనే. గా పైసలన్నీ నా గిరాకే అంటరా ఏంది?"

"అనరా మల్ల! ముందుగాల గా స్కానర్ పీకెయ్. ఎన్ని ప్లేట్లని అడిగితే ఇరవై అను."

నాకు సిగ్గేమీ అనిపించలేదు. నూనె డబ్బాకు పన్ను కడుతున్నాం, సబ్బుకు కడుతున్నాం, ఇంక మా చెమటక్కూడానా? ఆ పన్నులతోనే రోడ్లు వేస్తారని మా ఆయన కొండల్ నీతులు చెప్పబోతే, ఆ రోడ్డే కదా అక్క బండి మీదికొచ్చిందని నోరు మూయించాను.

నాలుగో రోజు అతను అడగనే అడిగాడు. "రోజుకు ఎన్ని పోతయమ్మా?"

"ఇరవై సారూ. ఒక్కోరోజు అవి సుత పోవు." అబద్ధం చెప్పి ఎరగని మనిషి, అతని మొహం చూడకుండా గిన్నెలోకి చూస్తూ చెప్పింది. అతను రాసుకుని వెళ్లాడు. పీడ విరగడైందని ఇద్దరం నవ్వుకున్నాం.

వారం తర్వాత మళ్లీ వచ్చాడు. పేరు కరుణాకర్, ఆ కాలేజీ మేనేజరట. "నీ సర్వపిండి నాకు మస్తు నచ్చిందమ్మా. మంది మస్తు కనబడ్డరు గానీ, నువ్వు చెప్పిన లెక్కే రాసిచ్చిన. ఇరవై ప్లేట్లు చేసేటామె మూడొందల మందికి ఏం వండుతదని మా సార్లు వద్దన్నరు. వేరేటోళ్లకు ఇస్తుండ్రు. సాయంత్రమే సంతకాలు."

హవ్వ! కాలేజీ నుంచి చూడ్డానికొచ్చేవాళ్లు జీపులో, ఫైళ్లతో వస్తారనుకున్నాం. ఇలా దొంగచాటుగా వస్తారని ఎవరికి తెలుసు?

అక్క లబోదిబోమంది. "సారూ, భయపడి చెప్పిన. మూడొందలు పోతయ్. గీ బాలలక్ష్మి రోజు చూస్తది, అడుగుండ్రి."

అతను కాగితం తీసి నావైపు తిరిగాడు. "మీరు సంతకం పెడితే నేను పోయి మాట్లాడుత. మీ పేరు, దుకాణం లైసెన్సు నంబరు చెప్పుండ్రి."

లైసెన్సా! నాకు బిల్లు బుక్కే లేదు. ఈ కాగితం ఎక్కడికి పోతుందో, ఇతను నిజంగా కాలేజీవాడేనో కాదో ఎవరికెరుక?

అక్క నా చేయి గట్టిగా పట్టుకుంది. "చెప్పవే!"

"నాకేం తెల్వదు సార్" అన్నాను. "నేను బట్టలు కుట్టుకుంట. గా బండి దిక్కే చూడ."

అక్క నా చేయి వదిలేసింది.