తాళాలాయన గొంతు

తాళాలు బాగుచేసే ఆయన పోయి ఎనిమిది నెలలైంది. ఒకరోజు, ఆయన కొట్టు పక్కనే చెప్పులు కుట్టే అతను ఆయన భార్యను వెతుక్కుంటూ ఇంటికొచ్చాడు.

"వదినా, ఆ కొత్త గ్యాలరీలో అన్న గొంతు వినిపిస్తున్నారు. పోయినేడు ఒకమ్మాయొచ్చి మా వీధివాళ్ళందరి మాటలూ రికార్డు చేసుకుపోయిందిలే. నాదీ ఉందనుకో, నా సోది ఎవడు వింటాడు గానీ, నువ్వెళ్ళి అన్నది విను."

ఆవిడ ఒక బట్టల దుకాణంలో ప్యాంట్ల అంచులు మడిచి కుడుతుంది. మర్నాడు ఒంటిపూట సెలవడిగి, రెండు బస్సులు మారి వెళ్ళింది. లోపల తెల్లటి గోడలు తప్ప ఒక్క బొమ్మ లేదు. వరసగా కుర్చీలు, కుర్చీకో హెడ్‌ఫోను.

"ఎవరిది వింటారమ్మా?" అంది కాపలా ఆవిడ.

"మా ఆయనది. తాళాలు చేసేవాడు."

కాపలా ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడో కుర్చీలో కూర్చోబెట్టింది.

ముందు దగ్గు వినిపించింది. ఆయన దగ్గే. వెనకాల ఆకురాయితో తాళంచెవి రాస్తున్న చప్పుడు. మీరు పోగొట్టుకున్నదేమైనా చెబుతారా అని అమ్మాయి గొంతు అడిగింది.

"పోగొట్టుకున్నవాళ్ళు నా దగ్గరికొస్తారు గానీ, నేనేం పోగొట్టుకుంటాను" అని నవ్వాడు. ఆకురాయి ఆగింది. "ఒక పాప. పదకొండు రోజులుంది. మా ఆవిడింకా ఆస్పత్రి మంచం మీదే ఉంది. నేనొక్కణ్ణే ఎత్తుకెళ్ళి పూడ్చొచ్చాను. దారి పొడుగునా దానికి కబుర్లు చెబుతూనే ఉన్నా. ఇదిగో మన వీధి, ఇదిగో నాన్న కొట్టు అని. ఇంట్లో ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నేను కూడా ఏడిస్తే మా ఆవిడ బతకదు. నన్ను తిట్టుకునైనా బతుకుతుందిలే అనుకున్నా."

తిట్టుకుంది. ఆ రోజు ఆయన తిరిగొచ్చి, చేతులు కడుక్కుని, ఆకలేస్తోందన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇరవయ్యారేళ్ళు సాధించింది. ఏ గొడవొచ్చినా నువ్వు రాతి మనిషివనేది. చివరి నెలలో ఆయన మంచం పట్టి, కాసేపు పక్కన కూర్చోమని అడిగితే, "అప్పుడు నువ్వు నా పక్కన కూర్చున్నావా?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

హెడ్‌ఫోనులో మళ్ళీ మొదటినుంచి దగ్గు. నాలుగుసార్లు విన్నది. "ఒక్క మాట నాతో అనుంటే ఏం పోయేది?" అని ఆవిడ గట్టిగానే అనేసింది. హెడ్‌ఫోను వల్ల తన గొంతు తనకు తెలియలేదు. గదిలో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు.

ఆదివారంతో అంతా తీసేస్తారన్నారు. అప్పటిదాకా రోజూ వచ్చింది. చివరిరోజు కాపలా ఆవిడే ఫోన్ చేసి, రికార్డు చేసిన అమ్మాయిని పిలిపించింది. ఆ అమ్మాయి వచ్చి, ఆయన మాటల్ని ఈవిడ ఫోన్‌లోకి ఎక్కించి ఇచ్చి, తల వంచుకుని నిలబడింది.

"ఇందులో లేని మాటలేమైనా అన్నాడామ్మా?"

"అంతేనండీ. తర్వాత ఎవరో తాళం తెచ్చారు, పనిలో పడిపోయారు."

"పాపని ఎక్కడ పూడ్చిందీ చెప్పాడా? నేను కోపంకొద్దీ ఒక్కనాడూ అడగలేదు."

"నేనూ అడగలేదండీ" అంది ఆ అమ్మాయి.

ఆవిడ తలూపింది. పనివాళ్ళు అప్పటికే అవతలి చివర కుర్చీలు మడుస్తున్నారు. ఏడో కుర్చీ దాకా వాళ్ళు వచ్చేవరకు అక్కడే కూర్చుంది.