వియన్నాలో మెరూన్ కోటు

ఆ ఫొటోలు పంపమని అడిగింది నేనే.

నా మనవరాలు, అంటే నా కొడుకు కూతురు, జర్మనీలో ఒక చిన్న ఊళ్ళో చదువుతోంది. అక్కడ ఫీజు తక్కువని పోయింది. కరోనా మొదటి అల కాస్త తగ్గాక విమానం ఎక్కిన పిల్ల, మళ్ళీ ఇంటి మొహం చూడలేదు. రెండో ఏడు చలికాలం చివర్లో ఒకరోజు వాళ్ళమ్మకు ఫోన్ చేసి, నలుగురు స్నేహితులం కలిసి మూడు రోజులు వియన్నా చూసి వస్తామని చెప్పింది. అది పక్క దేశానికి రాజధాని అట. జనం ఇంకా భయపడి ఊళ్ళు తిరగడం లేదు కాబట్టి బస్సూ, ఉండే చోటూ అన్నీ అగ్గువకే దొరుకుతున్నాయట.

నా కోడలు ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. నేను చేతిలో పని ఆపకుండానే అడిగాను.

"సదువుకోను పోయినవా, ఊర్లు తిరగను పోయినవా?"

"రెండిటికీ పోయిన బాపమ్మా. గిప్పుడే సస్తగ ఉంది. మళ్ళ గిట్ల దొరకది."

"సస్తగ ఉందని సున్నం తింటమానే?"

"నీతోని వకీలు గూడ గెలువడు," అని నవ్వింది. "అక్కడ ఒక పెద్ద రాజమహల్ ఉంది. అది చూడాలని నాకు మస్తు రోజుల సంది ఉన్నది. పోనియ్యరాదు."

"ఎవరెవరు పోతున్నరు?"

"నలుగురం. అందరం ఆడివిల్లలమే."

"నోటితోని చెప్తె గాదు. అక్కడ దిగినంక ఒక్కొక్కల ఫొటో పంపు. నేను చూడాలె."

మా ఇంట్లో ఆడపిల్ల ఒక రాత్రి బయట ఉండాలంటే తోడు ఎవరో నేను చూడాల్సిందే. నా కూతుళ్ళ విషయంలో అంతే చేశాను. దేశం మారితే పద్ధతి మారుతుందా అనుకున్నాను.

మాది నేతపని ఇల్లు. పెళ్ళయిన కొత్తలో కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చాం. నా భర్త మగ్గాల మీదే పనిచేసి పోయాడు. కొడుకు ఇప్పుడు అదే ఊళ్ళో, ఖటోదరా పేటలో ఒక సేటు మిల్లులో మగ్గాలు నడుపుతాడు. నేనూ కోడలూ నవాగామ్ బస్తీలో ఇంట్లోనే కూర్చుని చీరల మీద మెరిసే రాళ్ళు అతికిస్తాం. నేను చదివింది మూడో తరగతి. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను, రాస్తాను. కానీ బట్ట సంగతి వేరు. దూరం నుంచి చూసి పోగు ఏమిటో, నేత ఏమిటో చెప్పగలను. ఈ ఒక్క విషయంలో నన్ను ఎవరూ తప్పు పట్టలేదు. అందుకే నాకు గర్వం.

రెండో రోజు మధ్యాహ్నం ఫొటోలు వచ్చాయి. మా గల్లీలోని ఇద్దరు ఆడవాళ్ళు కూడా మాతో కూర్చుని రాళ్ళు అతికిస్తున్నారు. కోడలు ఫోన్ నా చేతికిచ్చింది. నాలుగు ఫొటోలు, ఒక్కో దాంట్లో ఒక్కో పిల్ల. ఒకరు చర్చి ముందు, ఒకరు వంతెన మీద, ఒకరు ఏదో గుర్రం విగ్రహం దగ్గర, మా పిల్ల ఒక తోటలో. నలుగురి ఒంటి మీదా మోకాళ్ళ దాకా మెరూన్ రంగు కోటు. మంచి ఉన్ని. మడత పడిన తీరు చూస్తేనే తెలుస్తుంది, లోపల నున్నటి అస్తరు కూడా ఉంది.

పక్కనున్న ఆమె తొంగి చూసి, "అబ్బ, ఏం కోటు పెద్దమ్మా! మీ పిల్ల సినిమాల హీరోయిన్ లెక్క ఉంది," అంది. రెండో ఆమె, "మీకేంది, జర్మనీ పైసలు," అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఏం జరిగి ఉంటుందో నాకు క్షణంలో అర్థమైందనుకున్నాను. మా పెళ్ళిళ్ళలో ఆడపడుచులందరికీ ఒకే రంగు, ఒకే డిజైను చీరలు ఒకే లాటులో తీస్తాం. సూరత్‌లో ఎవరైనా అంతే, సెట్టుగా కొంటారు. ఈ నలుగురూ కూడా ఊరు చూడబోతూ కోట్లు సెట్టు తీసుకున్నారు. ఇంకేం కావాలి? నాలుగు ఫొటోలు, నాలుగు కోట్లు, కళ్ళ ముందు ఉన్నాయి.

అప్పుడే వీడియో కాల్ వచ్చింది. పిల్ల తన మొహం చూపించడం లేదు, ఫోన్ తిప్పి వీధి చూపిస్తోంది.

"బాపమ్మా, చూడు చూడు, గుర్రపు బండ్లు! మన పెండ్లి బారాత్ లెక్క లేదూ? రోజూ గిట్లనే తిరుగుతయట ఇక్కడ."

"గుర్రాల సంగతి తర్వాత. ఆ కోటు ఎక్కడిది?"

గుర్రాలు తెర మీంచి తప్పుకున్నాయి. తెర మీద నేల మాత్రం కనిపించింది.

"ఏ కోటు?"

"నాకు బట్ట తెల్వదనుకున్నవా? నలుగురు కలిసి సెట్టు తీసుకున్నరు గదా. కరోనాల మిల్లులు బందైతె మనం ఎట్ల బతికినమో యాది ఉన్నదా? మీ బాపు పొద్దంత మగ్గాల నడుమ నిలబడి కాళ్ళు వాపు తెచ్చుకుంటడు. నువ్వు అక్కడ ఉన్ని కోటు ఏసుకొని ఫొటోలు దిగుతవు. సిగ్గుండాలె."

"పోనీ తియ్యి పెద్దమ్మా, చిన్నపిల్ల," అంది పక్కామె నవ్వుతూ. ఆ నవ్వు ఫోన్‌లోకి వెళ్ళే ఉంటుంది.

"రేపటి సంది ఆ కోటు నీ ఒంటి మీద ఉండొద్దు. ఇన్నవా?"

"సరే బాపమ్మా," అంది.

ఫోన్ పెట్టేశాక ఆ ఇద్దరితో, "పిల్లలను గిట్ల పట్టుకోకపోతె చేతికి రారు," అన్నాను. ఆ సాయంత్రం అన్నం రుచిగా తిన్నాను. ఇది రాయడానికే నాకు ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

తర్వాత పిల్ల ఫోన్లు వాళ్ళమ్మకే వచ్చాయి. నేను అడిగితే క్లాసు ఉందనేది. నా కొడుకు ఒకసారి, "జర నువ్వే మాట్లాడరాదే అమ్మా," అన్నాడు. "అలిగినోళ్ళే చెయ్యాలె," అన్నాను.

హోలీ దాటి ఎండలు ముదిరాక, ఆ ఇద్దరిలో ఒకామె తన కూతురు చెప్పుల కోసం పేచీ పెడుతోందని వాపోయింది. "చెప్పులేంది, మా దాని వైభోగం మళ్ళ చూడు," అని నేనే కోడలి ఫోన్ తీసి ఆ ఫొటోలు తెరిచాను. బట్ట ఎంత మంచిదో చూపిద్దామని రెండు వేళ్ళతో పెద్దది చేశాను. కుడి జేబు కింద బియ్యపు గింజంత చోట నీలం దారంతో రఫూ చేసి ఉంది. పురుగు కొట్టిన చిల్లికి ఎవరో చేత్తో వేసిన కుట్టు. మెరూన్ దారం దొరక్క నీలం వాడారు.

రెండో ఫొటో తెరిచాను. అదే చోట, అదే నీలం. మూడోది. నాలుగోది.

మగ్గం తప్పయితే వరసగా పది చీరల్లోనూ ఒకే చోట పడుతుంది, అది మాకు తెలిసిందే. కానీ చేత్తో వేసిన రఫూ నాలుగు కోట్లకు ఒకేలా పడదు. అక్కడ ఉన్నది ఒక్కటే కోటు.

"ఏంది పెద్దమ్మా, ఏం చూస్తున్నవ్ గట్ల?" అంది ఆమె. కళ్ళలో ఏదో పడిందని చెప్పి లోపలికి వెళ్ళాను.

కోడలు రొట్టెలు చేస్తోంది.

"ఆ కోటు ఒక్కటేనా?"

నా వైపు తిరగకుండానే, "ఒక్కటే అత్తమ్మా," అంది.

"నీకు ముందే ఎరుకనా?"

"ఎరుకనే. మీకు చెప్పొద్దన్నది."

ఆ కోటు వాళ్ళ హాస్టల్ గదిలో పాత విద్యార్థి ఎవరో వదిలేసి పోయిందట. నలుగురి దగ్గరా ఉన్నవి మన దేశం నుంచి కొనుక్కుపోయిన పలచటి జాకెట్లే. వియన్నాలో బస్సు టికెట్ల డబ్బు మిగుల్చుకుందామని అంతా నడిచే తిరిగారు. కోటు వంతులవారీగా వేసుకున్నారు, గంటకు ఒకరు. నేను ఫొటోలు పంపమన్నాను కదా. పలచటి జాకెట్లు చూస్తే ఇంట్లో బాధపడతారని, నలుగురూ ఆ కోటే తొడుక్కుని ఒకరి తర్వాత ఒకరు దిగారు.

"మరి నేను తిట్టినప్పుడు చెప్పకపోయె?"

"గంత మంది ముంగట ఏమని చెప్తది అత్తమ్మా?"

తర్వాత సంగతి కూడా అప్పుడే చెప్పింది. మర్నాడు తన వంతు వచ్చినప్పుడు పిల్ల కోటు ముట్టుకోలేదు. స్నేహితులు బతిమాలితే, "మా బాపమ్మ వద్దన్నది," అందట. మధ్యాహ్నానికే దగ్గు, ఒళ్ళు వేడి. ఆ రోజుల్లో దగ్గితే ఎవరు ఊరుకుంటారు? బస చేసిన చోటువాళ్ళు పరీక్ష ఫలితం వచ్చేదాకా గది దాటొద్దన్నారు. రాజమహల్ టికెట్ ఆ రోజుదే, దాని మీద వేళ రాసి ఉంటుందట, దాటితే చెల్లదు. మిగతా ముగ్గురూ వెళ్ళి చూసి వచ్చారు. ఏమీ లేదని ఫలితం వచ్చేసరికి తిరుగు బస్సు వేళ అయింది.

"అసలు అది చూద్దామనే పోయింది," అంది కోడలు. రొట్టె మాడింది. ఇద్దరిలో ఎవరమూ పట్టించుకోలేదు.

నవాగామ్ నుంచి బజారుకు ఆటో ఎక్కనివ్వకుండా ఆ పిల్లను చిన్నప్పుడు నడిపించింది నేను. చిరిగింది కుట్టుకుని వాడమని నేర్పింది నేను. నేను నేర్పినట్టే అది పరాయి దేశంలో నడుచుకుంటే, దాన్ని సిగ్గులేనిదన్నాను.

తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. అయినా ఒప్పుకోవాలనుకున్నాను. మా కులపెద్దల పంచాయితీలో ఒక పద్ధతి ఉంది. ఎంతమంది ముందు మాట తూలితే అంతమంది ముందే దాన్ని వాపసు తీసుకోవాలి. చాటుగా చెప్పే క్షమాపణకు విలువ లేదు. ఆదివారం ఆ ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టాను. కోడలు చెయ్యి అడ్డం పెట్టి, "వద్దత్తమ్మా, మీరిద్దరే మాట్లాడుకోండి," అంది. వినలేదు. ఫోన్ కలిపించి, స్పీకర్ పెట్టించాను.

"బిడ్డా, నేను తప్పు మాట్లాడిన. గీళ్ళ ముందటనే అన్న, గీళ్ళ ముందటనే చెప్తున్న. నువ్వు కోటు కొనలే. మీ నలుగురికి ఉన్నది ఒక్కటే, అది గూడ ఎవరో ఇడిసిపెట్టిపోయిన పాతది. నువ్వు సలిల నా మాటకు కోటు ఏసుకోక జరం తెచ్చుకున్నవు. తప్పు నాది."

నా గుండె తేలికైంది. ఇక పిల్ల ఏడుస్తుందనో, నవ్వుతుందనో ఎదురుచూశాను.

ముందు మాట్లాడింది పక్కామె. "అయ్యో, నలుగురికి ఒక్కటే కోటా! మీ బాపు ఏం పంపుతలేడా బిడ్డా?"

రెండో ఆమె నిజంగానే జాలిపడింది. "మా పిలగానిది పాత స్వెటర్ ఉన్నది. ఎవరన్న పోతే పంపియ్యనా?"

"వద్దు అత్తా. నాకు ఉన్నయి," అంది పిల్ల, చాలా మర్యాదగా. తర్వాత నాతో, గొంతు తగ్గించి, "బాపమ్మా, ఆ దినం నువ్వు తిట్టినా నేనెందుకు ఊకున్న అనుకున్నవ్?" అంది.

నేను స్పీకర్ ఆపబోయాను, మీట దొరకలేదు.

"తిట్లు పడ్డా మంచిదే, ఒక్క కోటు సంగతి మాత్రం ఎవరికీ తెల్వద్దనుకున్న. బాపు గల్లీల ఎట్ల తిరగాలె ఇప్పుడు?"

ఫోన్ పెట్టేసింది. ఆ ఇద్దరూ చీరలు మడిచి మెల్లగా లేచి వెళ్ళారు. వాళ్ళది చెడ్డ మనసు కాదు. అయినా సాయంత్రానికి మాట నా కొడుకు చెవిన పడింది. పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, "పిల్లకు కోటు కొనిస్తలేవా అని పాన్ డబ్బా కాడ అడుగుతున్నరు," అన్నాడు. నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

నాలుగైదు వారాలకు పిల్ల మళ్ళీ నాకు ఫోన్ చేయడం మొదలుపెట్టింది. కోపం పోయిందనే చెబుతుంది. నవ్వుతుంది, అక్కడి కూరగాయల ధరలు చెబుతుంది, నా మోకాళ్ళ గురించి అడుగుతుంది. ఫొటోలు మాత్రం పంపదు, నేనూ అడగను. ఫోన్ ఎత్తగానే దాని మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

"పక్కన ఎవరన్న ఉన్నరా బాపమ్మా?"

"ఎవరు లేరు బిడ్డా," అంటాను. నిజంగానే ఉండరు. దాని ఫోన్ వేళకు నేను అందరినీ పంపించి తలుపు గడియ వేసి కూర్చుంటాను. అయినా అది వెంటనే మాట్లాడదు. అవతల కాసేపు ఆగి, మా ఇంట్లో ఏమైనా చప్పుడు ఉందేమోనని వింటుంది. నేను కూడా ఊపిరి బిగబట్టుకుని అలాగే కూర్చుంటాను.